అత్తగారి గిన్నె

నోరు తెరవదు. తెరవనంటే తెరవదు. పెదాలు రెండూ లోపలికి మడిచి, పళ్ళు బిగించి, మొహం కిటికీ వైపు తిప్పుకుని కూర్చుంది అత్తగారు, ఎదురుగా పొట్టి స్టూలు మీద అల్లుడు, ఆయన చేతిలో చెంచా, చెంచాలో జావ, జావ మీద అప్పుడే పొర కట్టడం మొదలైంది, పొర కట్టిన జావంటే ఈవిడకు మొదట్నుంచీ ఒళ్ళుమంట, అది తెలిసే ఆయన చెంచాను మళ్ళీ గిన్నెలో ముంచి తిప్పాడు. చెంచా గిన్నె అంచుకు తగిలి టంగుమంది. ఆ చప్పుడుకే ఆవిడ భుజాలు దగ్గరికి ముడుచుకున్నాయి. ఏం చేశానమ్మా నిన్ను, కొట్టానా, తిట్టానా, అన్నం పెట్టడానికొచ్చినవాణ్ని చూసి పిల్లిని చూసిన ఎలుకలా ముడుచుకుపోతావేం అని లోపల్లోపల అనుకున్నాడు గానీ పైకి మాత్రం, "ఒక్క చెంచా అత్తయ్యా, ఒక్కటంటే ఒక్కటి" అన్నాడు, పొద్దుట్నుంచీ అదే మాట, నిన్నా అదే మాట, అని అని ఆ మాట అరిగిపోయింది. గోడ మీద గడియారం వైపు చూడకూడదనుకుంటూనే చూశాడు. భార్య అర్ధపూట సెలవు పెట్టి బయల్దేరే వేళైంది. ఆమె వచ్చేలోపు ఈ గిన్నెలో సగమైనా లోపలికి పోవాలి. పోకపోతే ఆసుపత్రికి వెళ్ళడమే, వెళ్తే ముక్కులోంచి గొట్టం వెయ్యడమే. నిన్న డాక్టరు ఏమీ దాచలేదు, మనిషి సగమైపోయారండీ, ఇలాగే పోతే మన చేతుల్లో ఏమీ ఉండదు, రేపు మధ్యాహ్నం దాకా చూడండి, తినకపోతే తీసుకొచ్చెయ్యండి, గొట్టం వేద్దాం అన్నాడు, మంచి మనిషే, గొంతులో విసుగు కూడా లేదు. కానీ గొట్టమంటే ఏమిటో అల్లుడుగారికి తెలుసు. కింది వాటాలో టైలరు తండ్రికి వేశారు. పెద్దాయన అదేమిటో తెలియక మాటిమాటికీ పీకేసుకుంటుంటే చివరికి రెండు చేతులూ మంచం కమ్మీలకు గుడ్డపేలికలతో కట్టేశారు. చూడ్డానికి వెళ్ళిన ఈయన ఆ ముడుల వంకే చూస్తూ కూర్చుని, తీసుకెళ్ళిన పళ్ళు ఎవరికివ్వాలో తోచక మళ్ళీ ఇంటికే తెచ్చేశాడు.

ఈ చేతులు కట్టేస్తారా. దుప్పటి మీద పడి ఉన్నాయి రెండూ, ఎముకల మీద తోలు కప్పినట్టు, అయినా ఊరికే ఉండవు, బొటనవేలూ చూపుడువేలూ దుప్పటి అంచును పట్టి బీన్సు ఈనె తీస్తున్నట్టు లాగుతూనే ఉంటాయి. ఆడపిల్లల హాస్టల్లో వంటశాల మొత్తం ఈ చేతుల కింద నడిచింది ఒకప్పుడు. పెద్ద పెద్ద గంగాళాలు, మనిషి ఎత్తు గరిటెలు, పొయ్యిల ముందు చెమటలు కక్కే మనుషులు, వాళ్ళ మధ్య నడుముకు తువ్వాలు చుట్టుకుని తిరిగే ఈవిడ. పిల్లలు 'వంటమ్మగారూ' అని వెనకాల పడేవారట. పెళ్ళిచూపులకని మొదటిసారి వెళ్ళినప్పుడు కూడా ఆవిడ ఇంట్లో లేదు, హాస్టల్లోనే ఉంది, కాబోయే అల్లుణ్ని అక్కడికే పిలిపించి, ఒక పళ్ళెం ముందు పెట్టి, తినేదాకా ఎదురుగా నిలబడింది, కులగోత్రాలూ జీతం బత్తెం అడగలేదు, "ఎలా ఉంది?" అని అడిగింది. "బాగుందండీ" అన్నాడు ఆయన. ఆ తర్వాత ఇన్నేళ్ళలోనూ అదే అన్నాడు. ఏది పెట్టినా బాగుందండీ. మాడినా బాగుందండీ. ఒకసారి ఉక్రోషం పట్టలేక పంచదార లేకుండా టీ ఇచ్చి చూసిందట, ఆయన తాగి కప్పు కింద పెట్టి బాగుందన్నాడు. ఆ రోజు కూతురి దగ్గర కూర్చుని ఏడ్చినంత పని చేసింది. "నీ మొగుడికి నా వంటంటే లెక్కలేదే. గడ్డి కోసి పెట్టినా ఇదే మాటంటాడు. తిట్టినా బాగుండును." అది పక్కగదిలో ఆయన విన్నాడు. విని, చొక్కా వేసుకుని కార్ల షెడ్డుకు పోయాడు.

షెడ్డులో ఆయన రంగులాయన. పేరు ఎవరికీ గుర్తులేదు, జీతం కాగితం రాసేవాడికి తప్ప. సొట్టలు పడిన కార్లు వస్తే కమ్మరి పని ఒకడు చేస్తాడు, మట్టి పూత ఒకడు పూస్తాడు, చివర్న రంగు మాత్రం ఈయనే కలపాలి. ఎండకు వెలిసిన పాత తలుపు పక్కన కొత్త తలుపు పెట్టి ఏది ఏదో చెప్పమంటే కారు సొంతదారు కూడా చెప్పలేడు. ఒక చుక్క నలుపు, అరచుక్క పసుపు, కళ్ళు చికిలించి వెలుతురులోకి వంచి చూడటం, మళ్ళీ అరచుక్క. ఆ విద్యకు కావలసింది కన్ను. ముక్కుతో పనిలేదు, అందుకే కాబోలు ముక్కు ఎప్పుడు పోయిందో ఆయన గమనించలేదు. రంగులో కలిపే థిన్నరు వాసన మొదట్లో తలకెక్కేది, తర్వాత అలవాటైంది, తర్వాత ఎక్కడం మానేసింది, ఒకరోజు వంటింట్లో గ్యాసు లీకై భార్య గుమ్మంలోంచే కేకలు వేస్తూ పరిగెత్తుకొస్తే ఈయన స్టవ్వు పక్కనే కూర్చుని పేపరు చదువుకుంటున్నాడు. ముక్కు పోయిందని అప్పుడు తెలిసింది. నాలుక సంగతి ఎవరూ అడగలేదు. వేడి కాలుతుంది, మిరపకాయ మండుతుంది, అప్పడం లాంటిది కరకరమంటుంది, అదే రుచి కాక ఇంకేముంటుంది అనుకున్నాడు, లేదా అనుకోవడమే మానేశాడు. ఇంట్లో మాత్రం మంచి పేరు వచ్చింది. వంకలు పెట్టని మనిషి, పెట్టింది తినే మనిషి అని చుట్టాలంతా వాళ్ళ వాళ్ళ మొగుళ్ళకు ఈయన్ని చూపించి సాధించేవాళ్ళు.

అందుకే గదా ఇప్పుడీ పని ఈయనకు దొరికింది. షెడ్డువాళ్ళు వయసైపోయిందని ఇంటికి పంపించారు, భార్యకేమో బస్టాండులో టికెట్ల కౌంటరు, ఇంకా రెండు మూడేళ్ళ సర్వీసుంది, అత్తగారికి మతి తప్పడం కూడా సరిగ్గా అప్పుడే మొదలైంది, అన్నీ కూడబలుక్కున్నట్టు. మొదట్లో నవ్వుకునేలా ఉండేది. ఇద్దరికి వండమంటే డెబ్భైమందికి బియ్యం కొలవబోయేది. అల్లుణ్ని చూసి "కొత్తగా చేరావా బాబూ, గిన్నెలు తోమడం వచ్చా" అనేది, ఆయన వచ్చండీ అని తోమేవాడు, అత్తా అల్లుళ్ళ మధ్య అంత సఖ్యత ఆ ఇంట్లో ఎప్పుడూ లేదు. తర్వాత నవ్వు పోయింది. రాత్రుళ్ళు తలుపు గొళ్ళెం తీసి పొయ్యి వెలిగించాలి పొయ్యి వెలిగించాలి అని మెట్ల మీద తిరిగింది. దానికో మాత్ర. మాత్రతో పగలంతా తూగింది, పడిపోయింది. దానికో మాత్ర. కడుపులో మంటకొకటి, మలబద్ధకానికొకటి, రక్తపోటుది పాతదే, మతిమరుపు ముదరకుండా మరొకటి, ఆ మరొకటి మొదలుపెట్టాక ఆకలి చచ్చింది, సరే ఆకలికొకటి. మింగమంటే దవడలో దాచి బాత్రూములో ఊసేది. పరుపు కింద రంగురంగుల మాత్రలు దొరికాయి ఓసారి, పిల్లలు దాచుకున్న గోళీల్లా. మందుల షాపువాడు నవ్వేశాడు, ఇంత దానికి దిగులెందుకండీ, నూరి తిండిలో కలిపెయ్యండి, అందరూ చేసేదదే అన్నాడు. కలపడమా. కలపడమంటే నాకొదిలెయ్ అనుకున్నాడు రంగులాయన, చాలా నెలల తర్వాత ఆ రోజు ఆయనకు తనూ ఒక పనికొచ్చే మనిషినే అనిపించింది.

నూరడమంటే మామూలు నూరడమా. చిన్న రాతి కల్వం కొన్నాడు. మెత్తగా నూరి, పలచని గుడ్డలో జల్లించి, పలుకన్నది లేకుండా చేసి, పాలల్లో అయితే కొంచెం మీగడతో, పండు గుజ్జులో అయితే నిమ్మచుక్కతో, ఒక మాత్రకు గులాబి రంగుంటే ఆ రంగు దొరక్కుండా టమాటా చారులో, కళ్ళు చికిలించి, గిన్నెను వెలుతురులోకి వంచి, ఎక్కడా మచ్చ కనబడకుండా. మీ అమ్మ కాదు కదా, ఆ మందు చేసినవాడు కూడా పట్టుకోలేడు అని భార్యకు చూపించాడు. మొదటి రోజు పాలు గటగటా తాగేసింది ముసలావిడ. చివర్న మాత్రం గిన్నెలోకి చూసింది. మూడో నాలుగో రోజుకు పాలు మానేసింది, పాలంటే ప్రాణం పెట్టే మనిషి. సరే అని పెరుగన్నంలో కలిపాడు, కొన్నాళ్ళకు పెరుగన్నం మానేసింది. పండు గుజ్జులో పెడితే పండు పోయింది. ఉడికించిన గుడ్డు పచ్చసొనలో పెడితే గుడ్డు పోయింది. చారు పోయింది, రొట్టె పోయింది, ఐస్‌క్రీము కూడా పోయింది, ఐస్‌క్రీము పోయిన రోజు భార్య కూర్చుని ఏడ్చింది, చిన్నపిల్లలు కూడా వద్దనరు కదండీ దాన్ని, అమ్మ అయిపోయింది, ఇంక అమ్మ లేదు అని. జబ్బు ముదురుతోంది, ఆకలి అనే సంగతే మెదడు మర్చిపోతుంది అని ఎవరో చెప్పారు. ఆకలి మాత్ర మోతాదు పెరిగింది. అదీ నూరాడు.

ఇదంతా నా మీద కోపమే అనుకున్నాడాయన, జబ్బని నలుగురి ముందూ తల ఊపాడు గానీ లోపల మాత్రం అదే, పాత కోపం, మతి పోయినా కోపం పోలేదు, నా వంట నువ్వు మెచ్చుకోలేదుగా, నీ చేతి ముద్ద నేను ముట్టుకుంటానా అని పంతం పట్టిందని. పంతానికి పంతం ఆయనా పట్టాడు. ముందు తను ఒక చెంచా తిని చూపించేవాడు ప్రతిసారీ. "చూశారా అత్తయ్యా, నేనూ తింటున్నా. బాగుంది." ఆవిడ ఆయన నోటి వంకే చూసేది, రెప్ప వెయ్యకుండా, నోరు కదలడం ఆగేదాకా చూసి, మొహం పక్కకు తిప్పేది. ఆ చూపు ఆయనకు ఎక్కడో గుచ్చుకునేది. ఒకటి రెండుసార్లు, అవును, ఒకటి రెండుసార్లు, దవడలు నొక్కి నోరు తెరిపించాడు కూడా. బలవంతంగానే. మింగేదాకా గడ్డం పట్టుకున్నాడు. ఆవిడ కళ్ళలోంచి నీళ్ళు జారాయి, ఈయన కళ్ళలోంచి కూడా జారాయి, తుడుచుకోవడానికి ఇద్దరికీ చేతులు ఖాళీ లేవు.

ఇప్పుడా ఓపిక కూడా లేదు. కిటికీలోంచి పక్క మేడ మీద ఆరేసిన దుప్పట్లు కనబడుతున్నాయి, ఎవరిదో రేడియో, ఎక్కడో డ్రిల్లింగు చప్పుడు, లోకానికి ఏ తొందరా లేదు. మీరు తినకపోతే వాళ్ళు చేతులు కట్టేస్తారత్తయ్యా. ఇది ఆవిడకెలా చెప్పడం. దణ్ణం పెడితే అర్థమవుతుందేమోనని నిజంగానే చెంచా గిన్నెలో వదిలేసి రెండు చేతులూ జోడించాడు, "మీ కాళ్ళు పట్టుకుంటాను, తినండి" అన్నాడు అరవై దాటిన ఆ మనిషి. ఆవిడ ఇటు తిరిగింది. జోడించిన చేతుల్ని కాదు, ఒంటరిగా ఉన్న చెంచాను చూసింది. చెయ్యి చాపి తనే చెంచా అందుకుంది. నోట్లో పెట్టుకోలేదు ఆవిడ, ఎడమ అరచెయ్యి దోసిలిగా వంచి అందులో రెండు చుక్కలు వేసుకుని, నాలుక కొసతో అద్దుకుంది, గంగాళం ముందు నిలబడి పంపకానికి ముందు రుచి చూసే పెద్ద వంటమనిషి తీరున, కళ్ళు మూసి, ఒక్క క్షణం. నెలల తరబడి వంగిపోయిన వెన్ను నిటారుగా అయింది. "ఎవరు చేశారిది?" అంది. గొంతు కూడా మారిపోయింది. "కటిక చేదు. పిల్లలకు పెడతావా దీన్ని? పారబొయ్యి." అరచేతిని దుప్పటికి తుడుచుకుంది. అంతలోనే ఎదుటివాడి మొహం చూసి, కోప్పడ్డానని కాబోలు, మెత్తబడి, "కొత్తవాడివి. రుచి చూడకుండా ఎప్పుడూ దించకు" అంది, మళ్ళీ కిటికీ వైపు తిరిగిపోయింది, వెన్ను వంగిపోయింది.

రుచి చూడకుండానా. చూశాను కదా. ఇందాకే చూశాను, బాగుంది, పంచదార వేశాను, చాలా వేశాను, వేసినట్టు కంటితో చూశాను. ఆయన గిన్నె పట్టుకుని వంటింట్లోకి వెళ్ళాడు, ఎందుకెళ్ళాడో తెలియదు, గట్టు మీద కల్వం ఉంది, కల్వంలో అంటుకున్న పొడి ఉంది, వేలితో తీసి నాలుక మీద రాసుకున్నాడు. ఏమీ లేదు. చన్నీళ్ళంత కూడా లేదు. ఇంకొంచెం రాసుకున్నాడు. సున్నం గోడ నాకినట్టు పొడిపొడిగా తగిలింది, అంతే. మాత్రకు చేదుంటుందని ఎవరికి తెలియదు, చిన్నపిల్లలకు తెలుసు, కానీ ఆయన ఎప్పుడో మర్చిపోయాడు, గుటుక్కున మింగేదానికి రుచేమిటనుకున్నాడు. అట్టపెట్టెలోంచి నూరని మాత్ర ఒకటి తీసి వెలుతురులోకి పట్టుకున్నాడు. నున్నగా మెరుస్తోంది. పూత. పల్చటి, ఎక్కడా చుక్క జారని, ఎంతో నేర్పుగా వేసిన పూత. పూత ఎందుకు వేస్తారో ఈయనకు వేరే ఎవరైనా చెప్పాలా, జన్మంతా పూతలు వేసి బతికినవాడికి, లోపలిది బయటికి రాకూడదనీ బయటిది లోపలికి పోకూడదనీ కదా వేస్తారు, నాలుక దాటి పొట్టలోకి పోయేదాకా ఇది విప్పుకోకూడదనే కదా వేసినవాడు వేశాడు, దాన్ని పట్టుకుని రోజూ నూరి, గుడ్డలో జల్లించి, పలుకు లేకుండా, మచ్చ లేకుండా, ఏ వైపునుంచీ తప్పించుకునే దారి లేకుండా, పాలల్లో, పెరుగులో, పండులో, ఆవిడ ప్రాణం పెట్టే ఒక్కొక్కదాంట్లో. ఒక్కొక్కదాన్నీ. ఆవిడకు ఈ లోకంలో ఇష్టమైనవన్నీ వరసబెట్టి చేదు చేసేశాడు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని నవ్వుతూ ఎన్నిసార్లు అని ఉంటాడు షెడ్డులో, ఎవడో పని చెడగొట్టినప్పుడు. ఇప్పుడు నవ్వేవాళ్ళు లేరు.

ఫోను మోగింది. భార్య. వెనకాల బస్సు ఇంజను చప్పుడు.

"బయల్దేరానండీ. తిన్నదా?"

"నువ్వెప్పుడైనా మీ అమ్మ గిన్నె రుచి చూశావా?"

"నేనెందుకు చూస్తాను, మీరు చూస్తున్నారుగా రోజూ. అదేం ప్రశ్న?"

"నాకు తెలియదే."

"ఏం తెలియదు?"

"చేదు. నాకు చేదు తెలియదు. తీపీ తెలియదు. ఏదీ తెలియదు, ఎప్పట్నుంచో. అది కటిక చేదుట. ఇప్పుడే చెప్పింది."

అవతల కండక్టరు ఎవరినో లోపలికి జరగమంటున్నాడు. భార్య ఇన్నేళ్ళ కాపురంలో ఎన్ని కూరలు వండి ఉంటుంది ఈయనకు, ఎన్ని బాగుందండీలు విని ఉంటుంది, ఇప్పుడవన్నీ ఒక్కొక్కటీ వెనక్కి తీసి చూసుకుంటోందా, లేకపోతే వాళ్ళమ్మ ఊసేసినప్పుడల్లా తను కూడా వేసిన కేకలు లెక్క చూసుకుంటోందా. చివరికి, "ఆసుపత్రి ఫైలు తీసి ఉంచండి, దగ్గరికొచ్చేశాను" అంది. ఆమె కూడా ఏం చేస్తుంది, డాక్టరు చెప్పింది చెయ్యాలి, ఒంట్లో ఏమీ మిగల్లేదు, చేదు తెలిసినంత మాత్రాన కడుపు నిండదు కదా.

గిన్నెలోది మోరీలో పోశాడు. గిన్నె తోమాడు, మళ్ళీ తోమాడు, తోమిన చేతులు కూడా తోముకున్నాడు. ఇంట్లో బియ్యం నూక ఉంది, నీళ్ళు ఎసరు పెట్టి గుప్పెడు పోశాడు, మంట పెద్దది చేశాడు, తొందరగా ఉడకవే తల్లీ ఉడకవే అని గరిటెతో తిప్పుతూ కూర్చున్నాడు. ఇంకేమీ వెయ్యలేదు. పొడిగా కనబడే ఏ డబ్బా మీదికీ చెయ్యి పోలేదు, డబ్బా మూత తియ్యడానికే భయమేసింది. నూకా నీళ్ళూ, అంతే, దేవుడి మీద ఒట్టు, అంతకుమించి ఇందులో ఏమీ లేదు. పొర కట్టకుండా ఊదుకుంటూ తీసుకొచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. "అత్తయ్యా. ఇది వేరే. ఇందులో మందు లేదు. నిజంగా లేదు." చెంచా పైకెత్తాడు. పెదాలు బిగుసుకున్నాయి. ఆయన గబగబా తనే ఒక చెంచా తిన్నాడు, ఆవిడ ఆయన నోటి వంకే చూసింది, రెప్ప వెయ్యకుండా, ఆ చూపు ఏమిటో ఆయనకిప్పుడు అర్థమైంది. కోపం కాదు, పంతం కాదు. చేదు తగిలినవాడి మొహం చిట్లుతుందేమోనని చూస్తోంది. పాపం, ఇన్ని నెలలుగా అదే చూస్తోంది. విషంలాంటిది తిని కూడా చెక్కుచెదరని మొహాన్ని రోజూ చూసి చూసి, ఇక ఈ మొహాన్ని ఎలా నమ్ముతుంది, ఏది తిన్నా ఒకేలా ఉండే మొహం ఏ సాక్ష్యం చెబుతుంది. అయినా ఆయన వదల్లేదు. కళ్ళు పెద్దవి చేసి, తల ఆడించి, లొట్టలు వేసి, "ఆహా, ఎంత బాగుందో" అన్నాడు, జన్మలో మొదటిసారి. ఆవిడకు మరింత అనుమానం వచ్చింది. కుర్చీలో వెనక్కి జరిగింది. రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది.

ఇంక లాభం లేదు. తిండి మార్చగలడు, కల్వం విసిరి పారెయ్యగలడు, కానీ చెంచా పట్టుకున్న చెయ్యి ఇదే కదా, దీన్ని ఎక్కడ పారెయ్యను. ఆవిడకు నా పేరు తెలియదు, నేను ఎవరో తెలియదు, కూతురు ఎవరో తెలియదు, అన్నీ మర్చిపోయింది గానీ చేదు ఎవరి చేతిలోంచి వస్తుందో అది మాత్రం మర్చిపోలేదు. గడియారం చూశాడు. కింద రోడ్డు మీద బస్సు ఆగిన చప్పుడు, అదో ఇంకో బస్సో. ఇన్నాళ్ళూ మనిషి బాగుంటే చాలనుకుని దగ్గరికెళ్ళడం నేర్చుకున్నాడు, తినిపించడం, తుడవడం, తల దువ్వడం, వేలు పట్టి నడిపించడం, ఇవన్నీ చేసినవాడు ఇప్పుడు చెయ్యవలసింది ఒక్కటే మిగిలింది. గిన్నెను ఆవిడకు అందేంత దూరంలో చిన్న బల్ల మీద పెట్టాడు. చెంచా పక్కన పెట్టాడు. లేచాడు, స్టూలు చప్పుడు కాకుండా పక్కకు జరిపాడు, వెనక్కి వెనక్కి నడిచి గది దాటాడు, హాలు దాటాడు, వంటింట్లో నిలబడదామనుకున్నాడు గానీ వంటిల్లు ఆ కుర్చీలోంచి కనబడుతుంది, అక్కడే కదా రోజూ నూరేది, ఆవిడ చూస్తుండగానే నూరేది. చెప్పులు కూడా వేసుకోకుండా వీధి తలుపు దాటి మెట్ల మీదికి వచ్చేసి, తలుపు ఓరగా దగ్గరికి లాగి, చెవి పెట్టి నిలబడ్డాడు. ఏమీ వినబడలేదు. డ్రిల్లింగు చప్పుడు. రేడియో. తన గుండె. మళ్ళీ ఏమీ లేదు. తలుపుకు నుదురు ఆనించి, తినమ్మా, నేను లేనమ్మా, ఎవ్వరూ లేరమ్మా అని పెదాలతో అనుకున్నాడు, ఇంట్లో మనిషి తినాలంటే తను లేకుండా పోవాలి, సరే, లేను.

అప్పుడు చెంచా గిన్నెకు తగిలింది. ఒకసారి. చాలాసేపటికి ఇంకోసారి.

మెట్ల మీద అడుగుల చప్పుడైంది. భార్య, ఆయాసపడుతూ, భుజానికి సంచితో, పై మెట్టు ఎక్కి ఆగిపోయింది. "బయటున్నారేంటి? అమ్మ ఒక్కతే ఉందా లోపల? ఫైలు తీశారా?" ఆయన పెదాల మీద వేలు పెట్టుకున్నాడు, ఇంకో చెయ్యి తలుపుకు అడ్డంగా చాపాడు. ఆమెకు కోపమొచ్చింది, కోపంతోనే ఆయన్ని తప్పించబోయి, మొహం చూసి ఆగింది.

"తింటోంది," అన్నాడు ఆయన, గాలిలాంటి గొంతుతో. "చూడకు. చూస్తే ఆపేస్తుంది."

ఆమె సంచి కింద పెట్టింది. తలుపు సందుకు చెవి ఆనించింది. చెంచా మళ్ళీ తగిలింది. ఆమె చెయ్యి ఆయన మణికట్టును పట్టుకుంది, గోళ్ళు దిగేలా.

"మందు?"

"వెయ్యలేదు."

"మరి బీపీ... నిద్ర..."

"డాక్టర్నే అడుగుదాం. నూరకుండా ఎలాగో అడుగుదాం, ఏవి తీసెయ్యొచ్చో అడుగుదాం. ముందు ఈ పూట తిననీ."

లోపల చప్పుడు ఆగింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆగిపోయింది, అయిపోయింది, రెండు మూడు చెంచాలకే అయిపోయింది, ఆమె కళ్ళలో నీళ్ళు నిండుతుండగా లోపల్నుంచి గొంతు వినబడింది, గట్టిగా, పెద్ద గదిలో అటు చివర ఉన్నవాళ్ళకు కూడా వినబడేలా.

"ఎవరక్కడ? ఇందులో ఉప్పు లేదు. ఉప్పు పట్రండి."

ఆయన కాలు తనంతట తనే ముందుకు పడింది. ఒక్క అడుగు. గుమ్మం దగ్గర ఆగిపోయింది. ఉప్పు తెల్లగా ఉంటుంది, పొడిగా ఉంటుంది, అది చేతిలో పట్టుకుని ఆవిడ ముందుకు తను వెళ్ళడం ఆయన కళ్ళకు కట్టింది.

"నువ్వు తీసుకెళ్ళు," అన్నాడు భార్యతో. "నేను తెస్తే తినదు."

ఆమె చెప్పులు విడిచి లోపలికి వెళ్ళింది. ఆయన మెట్ల మీదే ఉండిపోయాడు.